గ్యాస్ అయిపోదు, కారిపోతుంది

వేసవి ముదిరితే ఏసీ మెకానిక్కులకు తీరిక ఉండదు. హోసూరులో తమిళంలో, బళ్లారిలో కన్నడంలో, బరంపురంలో ఒడియాలో మాట్లాడినా, వారి నోట తరచుగా వినిపించే మాట ఒకటే: "గ్యాస్ అయిపోయింది, నింపాలి." దానికి తల ఊపి డబ్బు చెల్లించే ముందు, గోడ బయట ఉన్న పెట్టెలో ఏం జరుగుతుందో తెలుసుకుందాం.

ఏసీ గదిలోని వేడిని తోడి బయట పారబోసే యంత్రం. లోపలి కాయిల్‌లో గ్యాస్ ఆ వేడిని పీల్చుకుంటుంది. కంప్రెసర్ దాన్ని అదిమి బయటి కాయిల్‌లోకి నెడుతుంది. ఈ బయటి కాయిల్‌నే కండెన్సర్ అంటారు. రాగి లేదా అల్యూమినియం గొట్టం, దానికి దగ్గర దగ్గరగా తొడిగిన పలుచని రేకులు, ఇంతే దాని నిర్మాణం. ఫ్యాను గాలి ఆ రేకుల సందుల్లోంచి పోతుంటే గ్యాస్ వేడి వదిలి ద్రవమై మళ్ళీ లోపలికి వెళుతుంది. స్కూటర్‌లో పెట్రోలు లాగా ఇది ఖర్చయ్యేది కాదు. తగ్గిందంటే ఎక్కడో కారిందన్నమాట.

అయితే చల్లదనం తగ్గిన ప్రతిసారీ గ్యాస్ కారినట్లు కాదు. మొదట అనుమానించవలసింది మట్టిని. రోడ్డు దుమ్ము, పొలాల నూగు రేకుల సందులను మూసేస్తే వేడి బయటికి పోదు. కంప్రెసర్‌పై భారం పెరుగుతుంది, కరెంటు బిల్లూ పెరుగుతుంది. మిట్టమధ్యాహ్నం యంత్రం దానంతటదే ఆగిపోవచ్చు కూడా.

పెట్టె నేలమీదో డాబామీదో చేతికి అందేలా ఉంటే మెయిన్ స్విచ్ ఆపి, మెత్తని బ్రష్‌తో రేకుల నిలువునా దుమ్ము దులపండి. తరువాత మామూలు గొట్టంతో నీళ్ళు మెల్లగా పోయండి. జోరుగా కొడితే రేకులు వంగిపోతాయి. యాసిడ్ వాడకండి. కరెంటు భాగాల మూత మాత్రం తీయకండి. స్విచ్ ఆపినా లోపలి కెపాసిటర్‌లో విద్యుత్తు నిలిచి ఉంటుంది. పై అంతస్తు గోడకు వేలాడే పెట్టె జోలికి మీరు పోవద్దు, మెకానిక్‌కే వదిలెయ్యండి.

శుభ్రం చేసినా చల్లబడకపోతే అప్పుడు గ్యాస్ సంగతి చూడాలి. కారిన చోట తరచుగా నూనె మరక కనిపిస్తుంది. సబ్బు నురగ పూస్తే బుడగలు లేస్తాయి. రాగి గొట్టంలో ఒక్క అతుకు దగ్గరే కారుతుంటే మళ్ళీ అతికించవచ్చు. గోపాలపూర్ వంటి సముద్రతీరాల్లో ఉప్పుగాలికి రేకులు తెల్లగా పొడిపొడిగా రాలి, గొట్టానికి అక్కడక్కడా చిల్లులు పడితే కాయిల్ మార్చడమే మేలు. అదే మోడల్‌కు సరిపోయే కాయిల్ అడగండి. ముందుగా వారంటీ కార్డు చూడండి.

పాత ఆర్-22 యంత్రమైతే ఆలోచించి ఖర్చు పెట్టండి. మన దేశంలో ఆ గ్యాస్ వాడకాన్ని 2030 నాటికి దాదాపుగా తొలగించాలన్నది మాంట్రియల్ ఒప్పందం కింద పెట్టుకున్న గడువు. దాని బదులు ఆర్-32 నింపుతామంటే ఒప్పుకోకండి. అది మండే స్వభావమున్న గ్యాస్, ఆ యంత్రం దానికోసం తయారైనది కాదు.

కనుక మెకానిక్‌ను మూడు ప్రశ్నలడగండి. ఎక్కడ కారింది? అతికాక పరీక్షించారా? పెట్టెమీద రాసిన తూకం ప్రకారమే నింపుతున్నారా? మొదటి ప్రశ్నకు జవాబు లేకుండా గ్యాస్ నింపించడం చిల్లికుండలో నీళ్ళు పోయడమే.