కండబలము డబ్బాలో దొరకునా?

గత సంవత్సరము మా విద్యార్థి యొకడు కబడ్డీ ఆటలో కాలు విరిగి, ఆరు వారములు సిమెంటు కట్టుతో మంచము పట్టెను. కట్టు విప్పిన నాడు ఆ తొడ రెండవదాని కంటె బాగుగా సన్నబడి యుండుట చూచి దిగులుపడెను. ఉపకార వేతనము చేతికి రాగానే ప్రోటీను పొడి డబ్బా కొనదలచి, "సార్, ఇది తాగితే పోయిన కండ తిరిగి వస్తుందా?" అని మమ్ము అడిగెను. మేము వైద్యులము కాము. భాషా సాహిత్యములు బోధించువారము. అయినను శిష్యుని సందేహము తీర్చుట గురువునకు విధి గనుక, తెలిసినవారి నడిగి, చదివి గ్రహించిన విషయములను ఇచ్చట మనవి చేయుచున్నాము.

కండ మన పల్లెలలోని మట్టిగోడ వంటిది. ప్రతిదినము కొంత కరుగుచుండును. కొంత కొత్తగా చేరుచుండును. ఆహారములోని మాంసకృత్తులు ఆ గోడకు మట్టి. శరీరశ్రమ దానిని మెత్తు చేయి. మట్టి ఎంత తెచ్చి పోసినను, మెత్తు చేయి లేనిచో గోడ నిలువదు. కదలిక లేని కాలు ఆరు వారములలోనే చిక్కిపోవుటకు కారణమిదియే. నడివయస్సు దాటిన పిదప ఈ కరుగుట మరింత హెచ్చును. దీనికి 1989లో ఇర్విన్ రోజెన్‌బర్గ్ అను శాస్త్రజ్ఞుడు 'సార్కోపీనియా' అని పేరు పెట్టెను.

ఈ విషయమున 1994లో ప్రకటింపబడిన పరిశోధన యొకటి మిక్కిలి గమనింపదగినది. అమెరికాలోని బోస్టన్ నగరమున వృద్ధుల సంరక్షణాలయములోని 100 మందిని నాలుగు జట్లు చేసిరి. వారి సగటు వయస్సు 87 సంవత్సరములు. ఒక జట్టుచే పది వారములు కాళ్లకు బరువుల వ్యాయామము చేయించిరి. ఒక జట్టుకు పోషక పానీయము నిచ్చిరి. ఒక జట్టుకు రెండును, మరియొక జట్టుకు రెండును లేకుండ చేసిరి. వ్యాయామము చేసినవారి కండబలము సగటున 113 శాతము పెరిగెను. చేయనివారి తొడకండ కొంత తరిగెను. పానీయము మాత్రమే త్రాగినవారికి బలము చేకూరలేదు.

మరి పొడులు బొత్తిగా నిష్ప్రయోజనములా? అట్లు చెప్పుట న్యాయము కాదు. 49 పరీక్షలలో పాల్గొన్న 1,863 మంది ఫలితములను 2018లో క్రోడీకరించి చూచిరి. బరువుల వ్యాయామము చేయువారికి అదనపు మాంసకృత్తుల వలన కలిగిన లాభము సగటున 300 గ్రాముల కండ మాత్రమే. శరీరపు బరువులో కిలో ఒక్కింటికి దినమునకు సుమారు 1.6 గ్రాములు దాటిన పిదప అధికముగా తిన్నను విశేష లాభము కనబడలేదు. క్రియాటిన్ అను పదార్థము, దినమునకు 3 నుండి 5 గ్రాముల చొప్పున, వ్యాయామము చేయువారి బలమును కొంత పెంచునని తేలినది. అయినను మూత్రపిండముల వ్యాధి గలవారు వైద్యుని అడుగక దానిని ముట్టరాదు. సరిగా తినలేని వృద్ధులకు, రోగులకు వైద్యుని సలహాపై పొడులు ఉపకరింపవచ్చును.

ఇక లెక్క చూతము. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020 నాటి సిఫారసు ప్రకారము ఆరోగ్యవంతునికి కిలో బరువునకు 0.83 గ్రాముల మాంసకృత్తులు చాలును. అనగా 60 కిలోల యువకునికి 50 గ్రాములు. ముప్పది గ్రాముల పొడిలో సాధారణముగా 24 గ్రాములు ఉండునందురు. నాలుగు కోడిగ్రుడ్లలో అంతయే కలదు. 50 గ్రాముల మీల్ మేకర్‌లో ఇంచుమించు అంతే. అన్నములోని కొరతను పప్పు, పప్పులోని కొరతను అన్నము తీర్చును. గోధుమ, పప్పు, మాంసము కలిపి వండు హలీము ఎరిగిన మనకు ఈ సూత్రము కొత్తది కాదు.

అదియును గాక, డబ్బాపై వ్రాసినదెల్ల నమ్మదగినది కాదు. మన దేశమున అమ్ముడగు 36 పొడులను పరీక్షించిన ఫలితములు 2024లో వెలువడినవి; వానిలో సుమారు 70 శాతము మాంసకృత్తుల విషయమున తప్పుడు వివరములు కలిగి యున్నవి. కండ పెంచుటకై ప్రోటీను పొడులను వాడవద్దని ఆ సంవత్సరమే పోషకాహార సంస్థయు హెచ్చరించినది.

ఇవన్నియు మా విద్యార్థికి చెప్పితిమి. అతడు డబ్బా మానుకొని, వైద్యుడు చూపిన వ్యాయామములను దినదినము చేయుచు, ఇంట గ్రుడ్లు, శనగలు, పెరుగు తినెను. కొన్ని మాసములకు తిరిగి మైదానమున దిగెను. ఉపకార వేతనము పుస్తకములకు ఉపయోగపడెను.

కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపము ఒక్కటే. సాయంకాలము మైదానమున అరగంట వ్యాయామమునకు వసతి, హాస్టలులో వారమునకు కొన్ని దినములైనను గుగ్గిళ్లో, గ్రుడ్లో సమకూర్చిన యెడల, ఏ డబ్బాయు చేయలేని మేలు చేసినవారగుదురు. విద్యార్థులారా! మీ యింట పెద్దలను కూడ నడువనిండు, కుర్చీ నుండి పలుమార్లు లేచి కూర్చుండనిండు. కూర్చుండి తిన్నచో కొండలైనను కరుగునని మన పెద్దలు చెప్పిరి. కండల విషయమున ఆ మాట అక్షరాల నిజము.