చెకుముకి తుపాకి – చలికాలపు వేట

వేట అనగానే మన ఇళ్లల్లో పాండురాజు కథ గుర్తుకు వస్తుంది. జంట కూడిన వేళ లేడిని కొట్టి శాపం తెచ్చుకున్నాడాయన. దుష్యంతుడు మాత్రం మృగాన్ని తరుముకుంటూ వచ్చి, అది ఆశ్రమానిదని మునులు వారించగానే ఎక్కుపెట్టిన బాణం దించాడు. వేటను రాజుల సప్తవ్యసనాలలో ఒకటిగా లెక్కవేసిన మన పెద్దలు దానికి హద్దులు కూడా కథల్లోనే గీసిపెట్టారు.

అటువంటి హద్దునే చట్టంలో రాసుకుని, దాన్నొక పాతకాలపు తుపాకితో ముడివేసిన చోటు ఒకటున్నది. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రం. 1976లో ప్రతిష్ఠ జరిగిన పిట్స్‌బర్గ్ వేంకటేశ్వరాలయం ఉన్న రాష్ట్రమంటే మనవాళ్లు చాలామంది చటుక్కున పోల్చుకుంటారు. అక్కడి అడవుల్లో తిరిగేది తెల్లతోక జింక. జింక అన్నామే గాని, ఏటేటా కొమ్ములు రాల్చి మళ్లీ మొలిపించుకునే ఈ జంతువు మన కృష్ణజింకకంటే దుప్పికి దగ్గరి చుట్టం. కనుక ఇక్కడ దుప్పి అనే పిలుచుకుందాం.

ఆధునిక రైఫిళ్లతో దుప్పులను వేటాడే రోజులు అక్కడ నవంబరు చివర మొదలై సుమారు రెండు వారాలకు ముగుస్తాయి. క్రిస్మస్ మరునాడు, డిసెంబరు 26న, ఇంకొక వేటకాలం మొదలై జనవరి మధ్యదాకా సాగుతుంది. ఈసారి అడవిలోకి తుపాకి పట్టుకుని వెళ్లదలిస్తే ఒక్కటే రకం పనికివస్తుంది: చెకుముకి రాయితో నిప్పు పుట్టించి పేల్చే తుపాకి. దుర్భిణి బిగించిన తుపాకి కూడదు. 1974లో మొదలైన ఏర్పాటు ఇది.

అగ్గిపెట్టె రాకముందు మన పల్లెల్లో పొయ్యి ఎలా వెలిగేదో తాతగారినడిగితే చెబుతారు. చెకుముకి రాతిని ఉక్కుముక్కతో కొడితే రవ్వ రాలేది. ఆ రవ్వ దూదిలో పడి రాజుకునేది. ఈ తుపాకి చేసేదీ అదే. మీట నొక్కగానే, కొనకు రాయి బిగించిన ‘గుర్రం’ ముందుకు దూకి ఉక్కురేకును గీరుతుంది. రేకు వెనక్కి తెరుచుకుంటుంది. దాని కింద చిన్న పళ్లెంలో చిటికెడు మెత్తని మందు ఉంటుంది. రవ్వలు అందులో పడి మండితే, ఆ మంట గొట్టం పక్కనున్న సన్నని బెజ్జంగుండా లోపలికి పాకి అసలు మందును అంటిస్తుంది. అప్పుడు గాని గుండు బయలుదేరదు. మీటకూ మోతకూ మధ్య రెప్పపాటు వ్యవధి ఉంటుంది. ఆ రెప్పపాటులో చెయ్యి వణికితే గురి తప్పినట్టే.

ఒక్కొక్కసారి పళ్లెంలో మందు భగ్గుమంటుంది గాని, లోపలి మందు అంటుకోదు. పైమెరుపే తప్ప పస లేని వ్యవహారాన్ని ఇంగ్లీషువారు ‘ఫ్లాష్ ఇన్ ది పాన్’ అనేది అందుకే.

ఇక మందు సంగతి. పెట్లుప్పు 75 పాళ్లు, బొగ్గు 15, గంధకం 10 – ఇదే నల్లమందు పాకం. 17, 18 శతాబ్దాలలో ఐరోపా తుపాకులు మింగిన పెట్లుప్పులో పెద్దభాగం మన బీహారు నుంచి ఓడలెక్కి పోయిందే. తుపాకికి రూపుదిద్దినవారు పెన్సిల్వేనియాలో, ముఖ్యంగా లాంకాస్టర్ ప్రాంతంలో, స్థిరపడిన జర్మన్, స్విస్ పనివారు. స్వదేశపు పొట్టి మోటు తుపాకిని వారు 18వ శతాబ్దంలో సాగదీసి, సన్నబరచి, మేపుల్ కర్రలో పొదిగారు. గొట్టం లోపల మెలికల గాడులు కోశారు. జిడ్డు రాసిన గుడ్డపేలికలో గుండును చుట్టి దట్టిస్తే, ఆ గాడుల వెంట తిరుగుతూ సూటిగా పోతుంది. 2014లో పెన్సిల్వేనియా శాసనసభ దీనిని రాష్ట్ర ఆయుధంగా ప్రకటించింది. 1959 నుంచి ఆ రాష్ట్ర జంతువు తెల్లతోక దుప్పియే కావడం ఒక చమత్కారం.

చలికాలం ఈ తుపాకికి బద్ధశత్రువు. నల్లమందు తేమను ఇట్టే పీల్చుకుంటుంది. కొమ్మ మీది మంచు జారి పళ్లెంలో పడితే చాలు, రోజంతా పడ్డ శ్రమ వృథా. అందుకని కొవ్వు పట్టించిన తోలుముక్కను తుపాకి యంత్రం మీద గొడుగులా కప్పుతారు. మధ్య మధ్య పాతమందు తుడిచి కొత్తది పోస్తారు. బెజ్జాన్ని సన్నని సూదితో పొడిచి శుభ్రం చేస్తారు. మధ్యాహ్నం వెచ్చని గదిలోకి వెళితే తుపాకిని మాత్రం లోపలికి తీసుకుపోరు. చల్లని ఇనుముకు వెచ్చని గాలి తగిలితే, మంచినీళ్ల చెంబుకు పట్టినట్టు చెమ్మ పడుతుంది మరి!

అంత చలిలో దుప్పి ఏం చేస్తుంది? శరదృతువులో సింధూర కాయలు తిని కొవ్వు నిల్వ చేసుకుంటుంది. మంచు ముదిరాక తిరుగుడు తగ్గించి, గుబురుగా పెరిగిన హెమ్లాక్ చెట్ల కిందనో, ఎండ తగిలే దక్షిణపు వాలుల్లోనో గుంపులుగా పడుకుని నెమరు వేస్తుంది. దాని చలికాలపు బొచ్చు ఎంత దట్టమంటే, వీపు మీద పడిన మంచు కరగకుండా అలాగే నిలుస్తుంది. పైగా వారాల తరబడి తుపాకిమోతలు విని ఉన్న జంతువు. ఆకు కదిలినా అనుమానమే, గాలి వాటం మారినా పరుగే. మంచులో అడుగుజాడలు చూపి వేటగాడికి దారి చెప్పే ప్రకృతి, బూటు కింద మంచు కరకరలాడించి దుప్పికీ కబురందిస్తుంది.

ఈ తుపాకితో నమ్మకంగా కొట్టగలిగే దూరం యాభై నుంచి డెబ్బై అయిదు గజాలు. కళ్లు, చెవులు, ముక్కు అంత చురుకైన మృగానికి అంత దగ్గరగా చేరడమే గొప్ప. చేరినా ఉన్నది ఒకే గుండు. పేలగానే తెల్లని పొగ కమ్మి, దెబ్బ తగిలిందో లేదో కనిపించదు. మళ్లీ మందుపోసి, గుడ్డా గుండూ దట్టించి, పళ్లెం నింపేసరికి దుప్పి కొండ దాటుతుంది. కనుక మంచి వేటగాడు నమ్మకం కుదరకపోతే మీట నొక్కడు. గాయపడి పారిపోయిన మృగం రాత్రంతా మంచులో నరకయాతన పడుతుందని అతనికి తెలుసు.

‘ఎన్ని నియమాలుంటేనేం, ప్రాణం తీయడమే గదా!’ అని మన ఇళ్లల్లో అమ్మలు అడుగుతారు. ఆ ప్రశ్న కొట్టివేయదగినది కాదు. అక్కడ దుప్పులు జతకూడే కాలం నవంబరు మధ్యలో ముమ్మరంగా ఉంటుంది. పిల్లలు పుట్టేది మే చివర, జూన్ నెలలలో. అంటే జనవరిలో పడిన ఆడదుప్పి కడుపులో మరో ప్రాణం ఉండే అవకాశమే ఎక్కువ. పాండురాజు శాపం తప్పించుకున్నా ఈ భారం తప్పదు.

దానికి అక్కడివారు చెప్పే సమాధానం అడవి వైపు నుంచి వస్తుంది. 19వ శతాబ్దం చివరకు హద్దు లేని వేటవల్ల పెన్సిల్వేనియాలో దుప్పులు దాదాపు అంతరించాయి. 1895లో వేటను అదుపుచేసే సంఘం ఏర్పడింది. 1906లో మిషిగన్ నుంచి దుప్పులను తెప్పించి వదిలారు. మంద మళ్లీ పెరిగింది. కాని దాన్ని అదుపులో ఉంచే తోడేళ్లనూ కొండసింహాలనూ మనిషి అప్పటికే తుడిచిపెట్టాడు. మంద మితిమీరితే మొలకలన్నీ మేసేస్తుంది. పాత చెట్టు కూలిన చోట కొత్త చెట్టు లేవదు. చివరకు ఆకలితో చచ్చేది దుప్పులే. అందుచేత ఏటా లెక్క చూసి అనుమతులిస్తారు. 2023–24లో అన్ని వేటకాలాలూ కలిపి పడిన దుప్పులు సుమారు 4 లక్షల 30 వేలు. మాంసాన్ని బీదల అన్నశాలలకు ఇచ్చే ఏర్పాటు కూడా 1991 నుంచి ఉన్నది.

మన దేశం సంగతి వేరు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇక్కడ దుప్పిని వేటాడడం నేరం. నల్లమల వంటి అడవుల్లో ఆ పని చూసుకోవడానికి ఇంకా పులి ఉన్నది. పులి లేని చోట ఆ బాధ్యత నెత్తికెత్తుకున్న మనిషికి, పులికి లేని ఒక ఇబ్బంది ఉన్నది: తన బలానికి తానే కళ్లెం వేసుకోవాలి. మైలు దూరం చూడగలిగే రోజుల్లో డెబ్బై గజాలకు తనను తాను కుదించుకోవడం అటువంటి కళ్లెమే.

శీతకాలపు పొద్దు త్వరగా వాలుతుంది. తుపాకి పేల్చకుండానే తిరుగుముఖం పట్టేవారు ఎందరో. వాహనం ఎక్కేముందు పళ్లెంలోని చిటికెడు మందును బొటనవేలితో తుడిచేస్తారు. గొట్టంలో గుండు అలాగే ఉన్నా, రవ్వ పడి రాజుకునే మందు లేదు గనుక, ప్రయాణం మట్టుకు చట్టం దాన్ని ఖాళీ తుపాకిగానే ఎంచుతుంది.