పాత కారొచ్చింది, బయటికి రా అవ్వా!

వృద్ధాశ్రమానికి వెళ్లేటప్పుడు మనం ఏం తీసుకెళ్తాం చెప్పండి? ఒక డజను అరటిపళ్లు, నాలుగు బ్రెడ్డు ప్యాకెట్లు, చలికాలమైతే దుప్పట్లు. పిల్లవాడి పుట్టినరోజనో, మామగారి సంవత్సరీకమనో ఒక పూట భోజనం పెట్టిస్తాం. వరసగా కూర్చోబెట్టి వడ్డిస్తాం, ఫోటో దిగుతాం, వచ్చేస్తాం. మంచిదే, కాదనను. కానీ ఇంటికొచ్చాక వాళ్లతో ఏం మాట్లాడామని ఆలోచిస్తే "బాగున్నారా?", "బాగున్నాం" అన్న రెండు ముక్కలే మిగులుతాయి. పాపం, కొత్తవాళ్లతో వాళ్లు మాత్రం అంతకు మించి ఏం మాట్లాడతారు?

ఇంగ్లండులో, అమెరికాలో దీనికో చక్కని ఉపాయం ఉంది. అక్కడ పాతకాలపు కార్లను బిడ్డల్లా సాకే వాళ్లు క్లబ్బులు పెట్టుకుంటారు. సెలవు రోజు చూసి తమ కార్లను తుడిచి, మెరుగు పెట్టి, ఏదో ఒక వృద్ధాశ్రమం ఆవరణలో తెచ్చి నిలబెడతారు. నడవగలిగిన వాళ్లు చేతికర్ర పట్టుకుని వచ్చి చూస్తారు. నడవలేని వాళ్లను చక్రాల కుర్చీలో తీసుకొస్తారు. మంచం దిగలేని వాళ్లకు కిటికీలోంచి కనబడేలా కారు నిలుపుతారు. ఓపిక ఉన్నవాళ్లను ఎక్కించుకుని ఒక చుట్టు తిప్పుతారు. 2020లో కరోనా వచ్చి ఆశ్రమాల్లోకి కన్నపిల్లలను కూడా రానివ్వని రోజుల్లో, కార్లు వరసకట్టి హారన్లు కొట్టుకుంటూ ముందు నుంచి పోతుంటే పెద్దవాళ్లు వాకిట్లో కుర్చీలేసుకుని చేతులూపారు.

ఇదంతా డబ్బున్నవాళ్ల సరదా అనుకునేరు! దీని వెనక సంగతుంది. ముసలివాళ్లు పాత ముచ్చట్లు తవ్వుకుంటూ కూర్చోవడం చాదస్తం కాదు, ఆ వయసులో మనసుకు కావలసిన పనేనని 1963లో రాబర్ట్ బట్లర్ అనే అమెరికా డాక్టరు రాశాడు. అంతకుముందు దాన్ని మతి తప్పుతున్న గుర్తుగా చూసేవాళ్లు చాలామంది. ఆ తర్వాత పాత ఫోటోలు, పాటలు, వస్తువులు చూపించి పెద్దవాళ్లను మాట్లాడించడం అక్కడి ఆశ్రమాల్లో ఒక పద్ధతి అయింది. ఇంకో విచిత్రం వినండి. మనిషికి పదేళ్ల నుంచి ముప్ఫై ఏళ్ల మధ్య జరిగినవే పెద్దతనంలో ఎక్కువగా గుర్తుంటాయట. పొద్దున తిన్న టిఫినేమిటో మరిచిపోయే అత్తగారు తన పెండ్లిచీర రంగు, అంచు, ధర గడగడా చెప్పడం మీ ఇంట్లోనూ చూసే ఉంటారు. అయితే ఒక్కమాట. మతిమరుపు జబ్బు దీనితో నయమవుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. నయం కాదు. ఆ పూటకు ముఖం విప్పారుతుంది, నోట మాట వస్తుంది, అంతే.

మన దగ్గర పాత కారంటే రోల్స్ రాయిసే కానక్కర లేదు. ఆరో నిజాం కోసం తెప్పించిన 1912 నాటి పసుపు పచ్చ రోల్స్ రాయిస్ హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో ఉంది. కళ్లు చెదిరేలా ఉంటుంది నిజమే కానీ, దాన్ని చూసి మా కల్వకుర్తి అవ్వకు గుర్తొచ్చేదేముంది? అవ్వకు తెలిసిన కారు అంబాసిడర్. ఇంగ్లండు వాళ్ల మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారును పట్టుకుని హిందుస్థాన్ మోటార్స్ వాళ్లు బెంగాల్లోని ఉత్తరపారాలో 1950ల చివర మొదలుపెట్టి 2014 మే దాకా తయారు చేశారు. కలెక్టరు వచ్చినా అదే, ఓట్లకు లీడరు వచ్చినా అదే, పెండ్లికొడుకు దిగినా అదే. కొంచెం పట్నపు రుచి ఉన్నవాళ్లకు ఫియట్. అదే తర్వాత ప్రీమియర్ పద్మిని అయింది. బొంబాయిలో టాక్సీలుగా తిరిగిన పద్మినీలు కూడా 2023 అక్టోబరుతో ఆగిపోయాయి. 1983 డిసెంబరులో మారుతి వచ్చాక ఈ రెండింటి భోగం తగ్గింది.

అసలు మా వైపు కార్లు ఎంతమందికుండేవి? పాలమూరు అంటే బతకపోయిన వాళ్ల జిల్లా. లారీలెక్కి డ్యాముల పనికి, కాలువల పనికి పోయినవాళ్లే ఇంటింటికీ. ఉన్నవాళ్లకు కచ్చురం, లేనివాళ్లకు కాళ్లు, అందరికీ ఎర్రబస్సు. నిజాం సర్కారు 1932లో 27 బస్సులతో మొదలుపెట్టిన బస్సుల కొలువే ఇప్పటి ఆర్టీసీకి మూలం. ఆనాటి ఆల్బియన్ బస్సు ఒకటి హైదరాబాదు బస్ భవన్‌లో దాచి ఉంచారు. ఇంకో బండి గురించి అడిగితే మా పెద్దవాళ్లు లేచి కూర్చుంటారు. 1982-83లో ఎన్టీ రామారావుగారు ఊరూరా తిరిగిన చైతన్య రథం! పాత షెవర్లే వ్యాను అది, కొడుకు హరికృష్ణ నడిపేవారు. అదే రామారావుగారు 1989లో మా కల్వకుర్తిలో పోటీ చేసి ఓడిపోయారు. ఓటు ఎవరికేశారని మాత్రం ఇప్పుడు కూడా అడక్కండి, కొట్లాటలవుతాయి!

మా మేనమామ దగ్గర 1978 నాటి తెల్ల అంబాసిడర్ ఉంది. అత్తమ్మ ఎన్నిసార్లు అమ్మేయమన్నా వినడు. పోయిన చలికాలంలో ఒక ఆదివారం మేమిద్దరం దాన్ని ఊరి బయట ఉన్న వృద్ధాశ్రమానికి తీసుకెళ్లాం. ముందుగానే అడిగి వెళ్లాం.

కారు ఆగగానే మగవాళ్లు చుట్టూ మూగారు. అందులో ఒక తాత శ్రీశైలం డ్యాము కట్టేటప్పుడు కాంట్రాక్టరు కారు నడిపాడట. చేతులు వణుకుతాయి, చాయ్ గ్లాసు ఒకరు పట్టుకోవాలి. డ్రైవరు సీట్లో కూర్చోబెడితే స్టీరింగు పక్కనున్న గేరు రాడ్డు మీదికి ఎడమ చెయ్యి దానంతటది పోయింది. మామ ఇంజను స్టార్టు చేయగానే చెవి పెట్టి విని, "ట్యాపెట్లు మోగుతున్నయ్ తమ్మీ, సూపెట్టుకో" అన్నాడు. నిజమే, మెకానిక్కూ అదే చెప్పాడని మామ తర్వాత నాతో అన్నాడు.

ఆడవాళ్లు మాత్రం వరండా దిగలేదు. పిలిస్తే "మాకేమెరుక బిడ్డా, మొగోళ్ల ముచ్చట" అన్నారు. నాకు ఉక్రోషం వచ్చింది. కారు నడిపింది మగవాళ్లే కావచ్చు, వెనక సీట్లో కూర్చుని ఏడ్చింది, నవ్వింది మనమే కదా! చెయ్యి పట్టుకుని ఒక్కొక్కరినే దింపాను. ఒకావిడ తలుపు పిడిని నిమిరి, "నా పెండ్లికి యాడిది కారు, కచ్చురంల అచ్చిన. నా బిడ్డ పెండ్లికి గిసొంటిదే కిరాయికి తెచ్చినం. ఎన్క అద్దంలకెల్లి నన్ను సూసుకుంటనే పోయింది" అంది. ఆ బిడ్డ ఇప్పుడెక్కడుందని నేను అడగలేదు.

ఇంకొకావిడ ఏమీ అనకుండా వెనక సీటెక్కి ఒక మూలకు జరిగి కూర్చుంది. తలుపు వెయ్యమంది. కాసేపటికి ఒడి మీద చెయ్యి పెట్టుకుని చెప్పింది. ఆమె భర్తను రాత్రిపూట కిరాయి అంబాసిడర్లో ఉస్మానియాకు తీసుకుపోతుంటే ఆమనగల్లు దాటినాక ఆమె ఒళ్లోనే ప్రాణం పోయిందట. డ్రైవరు కారు తిప్పనా అని అడిగితే, తిప్పొద్దు, పట్నం దాకా పోనియ్యమందట. ఆశ్రమంలోని ఆయమ్మ కంగారుపడి "దిగవ్వా, ఎందుకియన్నీ" అంటుంటే మామ ఆపాడు, "ఉండనియ్యమ్మా" అని. ఆవిడ పావుగంట అలాగే కూర్చుంది. మేం ఇంజను ఆపేసి పక్కన నిలబడ్డాం. దిగి ముఖం కడుక్కుని చాయ్ అడిగింది. మూడేళ్లుగా ఉంటున్నా ఆమెకు భర్త ఉండేవాడన్న సంగతి అక్కడెవరికీ తెలియదట. ఎవరూ అడగలేదు మరి.

అందుకే చెబుతున్నా, ఇలాంటి పని పెట్టుకుంటే నవ్వులే వస్తాయనుకుని వెళ్లకండి. కన్నీళ్లొస్తే ఓదార్పు మాటలతో నోరు మూయించకండి. పక్కన కూర్చుంటే చాలు. ఎక్కనన్న వాళ్లను బలవంతపెట్టవద్దు. ఫోటోల పిచ్చి అసలే వద్దు సుమా! అక్కడ ఉన్న సంగతి బంధువులకు తెలియకూడదని దాచుకునే వాళ్లు కూడా ఉంటారు.

పొద్దున తొమ్మిది, పది మధ్య వెళ్లడం మంచిది. ఎండెక్కితే రెక్సిన్ సీటు కాలుతుంది, మీద పాత నూలు చీర మడిచి వెయ్యండి. పాదం పెట్టి ఎక్కడానికి ఒక గట్టి పీట తీసుకెళ్లండి. తలుపు వేసేటప్పుడు వేళ్లు చూసుకోవాలి, ఆ తలుపులు బరువు. ఆయాసం ఉన్నవాళ్ల దగ్గర ఇంజను ఆపి ఉంచండి. ఇక మాటలు. "మీకు గుర్తుందా?" అని అడిగితే పరీక్ష పెట్టినట్టు బెదిరిపోతారు. "దీంట్లో ఎంతమందిని కుక్కేవాళ్లు?" అనండి, పదకొండని ఒకరు, కాదు పధ్నాలుగని ఒకరు మొదలుపెడతారు. తినడానికి సకినాలు, మురుకులు వద్దు, పళ్లేవి వాళ్లకు? మేం మలీద చేసుకెళ్లాం. వేడి రొట్టెను నలిపి బెల్లం, నెయ్యి, యాలకుల పొడి కలిపితే నోట్లో కరిగిపోతుంది. చక్కెర జబ్బు ఉన్నవాళ్లకు మెత్తటి ఉప్మా వేరుగా పెట్టాం. ఎవరికేది పెట్టవచ్చో ఆశ్రమం వాళ్లను అడిగాకే వడ్డించండి.

కారు తెచ్చే వాళ్లకు ఒక సంగతి. 50 ఏళ్లు దాటిన బండిని 2021 జులైలో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం వింటేజ్ వాహనంగా రిజిస్టరు చేయించుకోవచ్చు. నంబరు ప్లేటు మీద వీఏ అన్న అక్షరాలుంటాయి. అలా చేయించాక దాన్ని రోజువారీ తిప్పడానికి వీల్లేదు, ప్రదర్శనలకు, ర్యాలీలకు, రిపేరుకు, పెట్రోలుకు మాత్రమే. మామ కారుకు ఆ వయసు ఇంకా రాలేదు కాబట్టి మామూలు కాగితాలే.

కారు దొరకదంటారా? మీ ఇంట్లో మూలపడ్డ లూనా ఉంటే తుడవండి, కుట్టుమిషను ఉంటే సూది మార్చండి. సంక్రాంతి అయ్యాక మేం రెండోసారి వెళ్లినప్పుడు మా అమ్మ నాటి ఇసుర్రాయి, రెండు కిలోల కందులు ఆటోలో వేసుకెళ్లాం. ఈసారి మగవాళ్లు వరండాలో కూర్చున్నారు. పిడికెడు గింజలు పొయ్యాలని ఒకావిడ, గంత పోస్తే పప్పు నలగదని ఇంకొకావిడ. మధ్యాహ్నం దాకా తెగలేదు.