'మీరు' ఒక్కరా, అందరా? – బైబిలు పఠనంలో ఒక అపోహ

క్రైస్తవ గ్రంథం ప్రతి వ్యక్తితోనూ విడివిడిగా మాట్లాడుతుందనీ, పాశ్చాత్యుల వ్యక్తివాదానికి మూలం అదేననీ ఒక అభిప్రాయం వ్యాప్తిలో ఉంది. మెచ్చుకొనేవారూ తప్పుపట్టేవారూ ఈ మాటే అంటారు. దీనిని మేము సర్వనామాల వైపునుంచి పరిశీలించదలచాము.

హీబ్రూ, గ్రీకు భాషల్లో మధ్యమ పురుషకు ఏకవచన, బహువచన రూపాలు వేరు. 1611 నాటి ఇంగ్లీషు అనువాదం 'దౌ', 'యీ' అనే రూపాలతో ఆ తేడాను నిలుపుకొన్నది. నేటి ఇంగ్లీషులో రెండింటికీ 'యూ' ఒక్కటే. చిక్కంతా ఇక్కడే వచ్చింది.

కొరింథీయులకు పౌలు వ్రాసిన మొదటి పత్రికలో (3:16) విశ్వాసులను దేవుని ఆలయమన్న మాట ఉంది. ఇంగ్లీషులో చదివేవారు 'నా దేహమే ఆలయం' అనుకొని దానిని పథ్యానికీ వ్యాయామానికీ అన్వయించడం కద్దు. మూలంలో ఉన్నది బహువచనం. పౌలు పక్షం, అపొల్లో పక్షం అంటూ చీలిపోతున్న సంఘానికి, మీరంతా కలిసి ఒక్క ఆలయమని చెప్పిన హెచ్చరిక అది. దేహం ప్రసక్తి 6వ అధ్యాయంలో వస్తుంది. అక్కడి సందర్భం వేరు.

తెలుగు అనువాదంలో 'మీరు' స్పష్టంగానే ఉంది. అయితే మనకు అది గౌరవవాచకం కూడా కావడంతో మరో పొరపాటుకు తావుంది. తెలుగు బైబిలు దేవుణ్ణి సైతం 'నీవు' అనే పిలుస్తుందని గుర్తుంచుకుంటే, సంఘాలకు వ్రాసిన పత్రికల్లోని 'మీరు' మర్యాద కోసం కాదని తెలుస్తుంది. ఒడియా చదివినవారికి ఈ సందేహమే రాదు. అక్కడ బహువచనానికి 'మానే' చేరుతుంది.

ప్రభువు ప్రార్థనలో సంబోధన 'నా తండ్రీ' కాదు, 'మా తండ్రీ'. గ్రీకులో మా, మన అన్న భేదం లేదు. ప్రార్థన దేవునితోనే కనుక అనువాదకులు 'మా' ఎంచుకున్నారు. తమిళంలోనూ 'ఎంగళ్' అనే ఉంటుంది. నేటి కన్నడంలో ఆ భేదం లేదు.

యిర్మీయా 29:11 ఇంకో ఉదాహరణ. మేలైన భవిష్యత్తు గురించిన ఆ వాక్యాన్ని అమెరికాలో పట్టభద్రులకిచ్చే శుభాకాంక్షల కార్డులపై అచ్చువేస్తారు. నిజానికది యెరూషలేమునుంచి బబులోను ప్రవాసులకు పంపిన లేఖలోనిది. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, ఉన్న పట్టణం క్షేమం కోరండి అన్న తరువాత, తిరిగి రావడానికి 70 ఏళ్లు పడుతుందని అంటుంది. అంటే ఆ లేఖ విన్నవారిలో చాలామంది ఆ మేలును కళ్లారా చూడరు. తరాలుగా పరాయిచోట స్థిరపడ్డ కుటుంబాల పిల్లలకు ఈ లేఖ మరింత బాగా బోధపడుతుందని మా నమ్మకం.

అలాగని ఆ గ్రంథంలో వ్యక్తికి చోటే లేదనడం మరో అపోహ. తండ్రి పాపం కొడుకుపై పడదని, ఎవరి దోషం వారిదేనని యెహెజ్కేలు 18వ అధ్యాయం వాదిస్తుంది. కాని అది బాధ్యతకు సంబంధించిన మాట. స్వయంసమృద్ధుడైన ఒంటరి మనిషి గురించి కాదు. 'వ్యక్తివాదం' అన్న మాటను కొత్త భావానికి పుట్టిన కొత్త మాటగా ఫ్రెంచి రచయిత తోక్విల్ 1840లో పరిచయం చేశాడు.