చెరగని కనుబొమ్మ కావాలా?

సంక్రాంతి వస్తోందంటే అటక మీది ట్రంకుపెట్టె కిందికి దిగాల్సిందే. పాత చీర ముక్కల్లో, దినపత్రిక కాగితాల్లో చుట్టిన బొమ్మల్ని ఒక్కొక్కటే విప్పుతుంటే... పెళ్లికూతురికి ఎడమ కనుబొమ్మ లేదు. శెట్టిగారి మీసం సగమే మిగిలింది. నిరుడు కొన్న రాధాకృష్ణుల్లో కృష్ణుడి పెదవి రంగు చుట్టిన కాగితానికి అంటుకుని వచ్చేసింది! సరే, దిద్దుదామని కుంచె తీసేలోపు ఇంట్లో ఎవరో ఒకరు అననే అంటారు... 'ఈసారి దిద్దాక పైన కాస్త వార్నిష్ కొట్టేయండి, మళ్లీ పోకుండా పడుంటుంది' అని.

కొట్టడం అయిదు నిమిషాల పని. తర్వాత ఎప్పుడైనా తీయాల్సి వస్తేనే అసలు సంగతి తెలిసేది.

తెనాలి నుంచి రేపల్లె వెళ్లే రైలు మార్గంలో ఉంటుంది వేమూరు. చుట్టూ వరిచేలు, కాలవలు. కోస్తాలో చాలా ఇళ్లలో బొమ్మల కొలువు సంక్రాంతికి తీరుతుంది, కొన్ని ఇళ్లలో దసరాకి. ఏటా కొత్త బొమ్మ ఒక్కటైనా చేర్చాలన్నది ఆనవాయితీ. అందుకే ఇలాంటి ఊళ్లో ఓ పాత పెట్టె తెరిస్తే మూడు నాలుగు తరాల బొమ్మలు ఒక్కచోటే కనిపిస్తాయి. అమ్మమ్మ నాటి మట్టి బొమ్మలు, కాగితపు గుజ్జు బొమ్మలు, కొండపల్లి కర్ర బొమ్మలు... ఆ మీద ఈమధ్య వచ్చిన రెసిన్ బొమ్మలు. కొట్లో 'మార్బుల్ బొమ్మ' అంటూ అమ్మేవాటిలో చాలావరకు రాతిపొడి కలిపిన రెసిన్‌ని అచ్చులో పోసి తీసినవే. మట్టి, కర్ర రంగుని కొంతైనా పీల్చుకుంటాయి. రెసిన్ అలా కాదు. నున్నగా ఉంటుంది, ఏదీ పీల్చుకోదు. రంగు దాని ఒంటిమీద పొరలా కూర్చుంటుంది, అంతే. కృష్ణుడి పెదవి కాగితానికి ఎందుకు అంటుకుందో అర్థమైంది కదా! అచ్చునుంచి తేలిగ్గా ఊడి రావడానికి వాడిన జిడ్డు పూర్తిగా పోకముందే రంగు వేసేసి ఉంటే మరీ తొందరగా లేస్తుంది.

దానికి విరుగుడు పైన గట్టి పూత వేసెయ్యడమేనా?

కూడలిలో విగ్రహం, కొలువులో బొమ్మ

'ఎందుకు వేయకూడదు? తెనాలి విగ్రహాలకి వేయట్లేదా?' అని అడగొచ్చు. వేమూరు వాళ్లకి ఆ మాట అడిగే హక్కు ఉంది మరి. కూతవేటు దూరంలోని తెనాలి విగ్రహాలకు పెట్టింది పేరు. అక్కడి శిల్పులు చేసిన కంచు, ఫైబర్ విగ్రహాలు తెలుగునాట ఎన్నో కూడళ్లలో నిలబడి ఉన్నాయి. పనికిరాని ఇనుప సామానుతోనూ వాళ్లు భారీ బొమ్మలు కట్టారు. ఫైబర్ విగ్రహమంటే రెసినే. గాజుపీచు పొరల్ని అచ్చులో పరుస్తూ వాటికి పాలియెస్టర్ రెసిన్ పట్టిస్తారు. గట్టిపడ్డాక అచ్చు విప్పి, నునుపు చేసి, రంగు వేస్తారు. రోడ్డు మీద ఎండకి ఎండి వానకి తడవాల్సిన విగ్రహం కాబట్టి దానికి కార్లకు వాడే తరహా గట్టి రంగులే సబబు. పైగా అది చాలాసార్లు నిలువెల్లా ఒకే రంగు... బంగారు రంగో, కంచు రంగో! వెలిస్తే రుద్దేసి మళ్లీ మొత్తం కొట్టేయొచ్చు. కనుబొమ్మ అక్కడ అచ్చులోనే వస్తుంది, కుంచెతో కాదు.

కొలువు బొమ్మ లెక్క వేరు. జానెడు ఎత్తుంటుంది. దాని మొహం మొత్తం నాలుగైదు గీతల్లో ఉంటుంది. కంటిగీత వెంట్రుకవాసి పక్కకు జరిగితే రాణిగారు కాస్తా గయ్యాళి అత్తగారైపోతుంది! ఆ నాలుగు గీతల మీద గట్టి పూత వేశామంటే, గీత కుదిరినా కుదరకపోయినా, అదే ఖాయం. తర్వాత దాన్ని తీయాలని థిన్నర్ పట్టుకుంటే వార్నిష్‌తోపాటు అసలు రంగూ, ఒక్కోసారి బొమ్మ చర్మమూ వచ్చేస్తాయి.

జపాను బొమ్మకి మొహాలు ఎన్నో

ఈ తకరారు మనింటి అటకకే పరిమితం అనుకుంటే పొరపాటు. వేలకు వేలు పోసి బొమ్మలు కొని దాచుకునేవాళ్లూ సరిగ్గా దీని గురించే తర్జనభర్జన పడుతుంటారు.

జపానులోని క్యోటోకి చెందిన వోక్స్ అనే సంస్థ 1999లో 'సూపర్ డాల్ఫీ' పేరుతో కీళ్ల బొమ్మల్ని తెచ్చింది. పాలియురెథేన్ రెసిన్‌తో చేసిన ముక్కల్ని లోపల సాగే తాడుతో బిగించి కూర్చుతారు. కీలు దగ్గర గుండ్రటి బంతి ఉంటుంది కాబట్టి బొమ్మ మోచెయ్యి వంచుతుంది, మోకాలు ముడుస్తుంది, తల వాల్చి కూర్చుంటుంది. పెద్దవి రెండడుగుల ఎత్తుంటాయి. ఆ తర్వాత దక్షిణ కొరియా, చైనా తయారీదారులూ ఈ దారిలోకి వచ్చారు. ఒక్కో పెద్ద బొమ్మ ధర మన డబ్బులో పదుల వేలల్లో ఉంటుంది.

విశేషమేంటంటే... వీటిలో చాలా బొమ్మల్ని మొహం లేకుండానే అమ్ముతారు! ముక్కు, పెదవుల ఆకారం ఉంటుంది కానీ రంగు ఉండదు. కనుబొమ్మలు, రెప్ప వెంట్రుకలు, బుగ్గల ఎరుపు, పెదవుల తడి... అన్నీ కొన్నవాళ్లే వేసుకోవాలి, లేదంటే చేయి తిరిగినవాళ్లకి పంపి వేయించుకోవాలి. ఆ పనికి 'ఫేస్ అప్' అని పేరు. మెత్తటి పేస్టెల్ పొడితో బుగ్గలు, నీళ్లలో కరిగే రంగు పెన్సిళ్లతో, ఆక్రిలిక్ రంగులతో సన్నటి గీతలు.

వాళ్లు పాటించే వరస చూడండి. ముందు బొమ్మని సబ్బునీళ్లతో కడిగి జిడ్డు వదిలిస్తారు. ఆరాక రంగు వెయ్యరు! మెరుపులేని సన్నటి రక్షణపూతని ముందుగా స్ప్రే చేస్తారు. రెసిన్‌కీ రంగుకీ మధ్య అదొక తెర. దానిమీద బుగ్గలు దిద్ది మళ్లీ ఓ పొర, కనుబొమ్మలు గీసి మళ్లీ ఓ పొర, అన్నీ అయ్యాక ఆఖరి పొర. ఈ పూతలు చేతి మరకల్ని, చిన్నచిన్న రాపిళ్లని ఆపుతాయి. కానీ ఎప్పుడైనా మొహం మార్చాలనిపిస్తే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ లాంటి ద్రవంలో ముంచిన దూదితో తుడిస్తే పొరలన్నీ కదిలి వచ్చేస్తాయి. మళ్లీ తెల్లకాగితం! గోళ్లరంగు తుడిచే ద్రవాన్ని మాత్రం దగ్గరికి రానివ్వరు. అందులో ఉండే ఎసిటోన్ రంగునే కాదు, రెసిన్ పైపొరనీ తినేస్తుంది.

ఎంత బాగా గీసినా శాశ్వతం చేయకపోవడానికి వాళ్లకి ఇంకో కారణమూ ఉంది. రెసిన్ ఏళ్లు గడిచేకొద్దీ, ముఖ్యంగా ఎండ తగిలితే, పసుపు రంగుకి తిరుగుతుంది. పదేళ్ల కిందట తెల్లటి ఒంటికి సరిపోయిన బుగ్గల గులాబీ రంగు, పసుపుబారిన ఒంటిమీద మచ్చలా కనిపిస్తుంది. ఒళ్లు మారుతుంటే మొహం మారనంటే ఎలా? ఆ పూతల్లో కొన్ని అతినీలలోహిత కిరణాల్ని కొంతవరకు అడ్డుకుంటాయి గానీ పసుపుబారడాన్ని పూర్తిగా ఆపలేవు.

రంగు ఒంట్లో కలిసిపోతే...

అలాగని శాశ్వతమైన బొమ్మ మొహాలు లేవా అంటే, ఉన్నాయి. పందొమ్మిదో శతాబ్దంలో ఫ్రాన్సు, జర్మనీల్లో చేసిన పింగాణీ బొమ్మల కనురెప్పలు ఇవాళ్టికీ నిన్న గీసినట్టే ఉంటాయి. వాటి మొహానికి రంగు వేశాక కొలిమిలో కాల్చారు మరి. రంగు, పింగాణీ ఒకటైపోయాయి. అచ్చం పసిపిల్లల్లా కనిపించే వినైల్ బొమ్మలకు వాడే కొన్ని ప్రత్యేకమైన రంగుల్ని ఓవెన్‌లో సుమారు 130 డిగ్రీల సెంటీగ్రేడ్ వేడిలో గట్టిపరుస్తారు. రెసిన్ బొమ్మని అలా పొయ్యిలో పెడితే మిగిలేది బొమ్మ కాదు.

అంత దూరం ఎందుకు... అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక ఉంది. అంకుడు కర్రని లేత్‌కి బిగించి, గుండ్రంగా తిరుగుతుండగానే రంగు కలిపిన లక్క కడ్డీని దానికి ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి పట్టేస్తుంది. తర్వాత మొగలాకుతో నునుపు తెస్తారు. విత్తనాలు, ఆకులు, బెరళ్లు, వేళ్లనుంచి తీసిన రంగుల్ని అక్కడ మళ్లీ వాడుకలోకి తేవడానికి ఏళ్ల తరబడి పనిచేసిన సి.వి.రాజుకి 2023లో పద్మశ్రీ వచ్చింది. ఆ బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది. 2025 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో మన రాష్ట్ర శకటం మీద ఊరేగిందీ అవే. ఏటికొప్పాక బొమ్మకి ఎవరూ పైన వార్నిష్ వెయ్యరు. రంగూ, మెరుపూ, కాపుదలా అన్నీ ఆ లక్కే!

కొండపల్లి బొమ్మ కథ దీనికి పూర్తిగా వేరు. తేలికైన తెల్లపొణికి కర్ర. చేతులూ కాళ్లూ విడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపుపొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. పైన సున్నం పూత. ఆ తర్వాతే మేకవెంట్రుకల కుంచెతో రంగులు. అంటే రంగు కర్రమీద లేదు, సున్నం మీద ఉంది. ఒకప్పుడు మొక్కలనుంచి తీసిన రంగులు వాడేవాళ్లు. తర్వాత ఎనామిల్ వచ్చింది. మెరుస్తుంది, తడిగుడ్డతో తుడుచుకోవచ్చు, అంగట్లో అడిగినవాళ్లకి నచ్చింది. ఆ సౌకర్యాన్ని తప్పుపట్టలేం. కానీ పాత నీటిరంగు బొమ్మమీద ఇంట్లో ఎనామిలో, వార్నిషో పూస్తే మాత్రం నష్టం మూడు విధాలా. మెరుపులేని రంగులు తడిసినట్టు ముదురుగా మారిపోతాయి. నూనె వార్నిష్ అయితే కొన్నేళ్లకి తనే పసుపెక్కి తెల్ల పంచెని గోధుమరంగు చేస్తుంది. దాన్ని తీయబోతే సున్నం పూతే రాలిపోతుంది, మక్కు కదులుతుంది. అవతార పురుషుడి చెయ్యి ఊడి చేతిలోకి వస్తుంది!

అసలు చెరిగిపోవడాన్ని మన పెద్దలు అంత పెద్ద నేరంగా చూడలేదేమో. పూరీలో జ్యేష్ఠ పౌర్ణమినాడు జగన్నాథుడికి 108 కుండల నీళ్లతో స్నానం చేయిస్తారు. రంగులు వెలుస్తాయి. స్వామికి జ్వరమొచ్చిందంటూ పదిహేను రోజులు దర్శనం ఆపేసి, ఆ చాటున మళ్లీ రంగులు దిద్దుతారు. ఏటా కొత్త కళ్లతో రథమెక్కుతాడు. దారుమూర్తికే లేని శాశ్వతత్వం మన శెట్టిగారి మీసానికి ఎందుకు చెప్పండి?

మరి పెట్టెలో బొమ్మల్ని ఏం చేయాలి?

ముందుగా, బొమ్మ దేనితో చేశారో చూసుకోవాలి. అడుగున, కనిపించని చోట, కాస్త తడి చేసిన దూదిపుల్లతో అద్ది చూస్తే తెలిసిపోతుంది. దూదికి రంగు అంటితే అది నీటిరంగు. దాన్ని ఎప్పుడూ తడిగుడ్డతో తుడవకూడదు, పొడి కుంచెతో దుమ్ము దులపాలి. రంగు పోయిన చోట మాత్రమే నీటిరంగుతో దిద్దుకోవాలి. పైన ఏమీ వద్దు. అంతగా భయమైతే చుట్టే గుడ్డ మార్చండి. అచ్చుసిరా అంటే దినపత్రిక కంటే ఉతికిన మెత్తటి నూలుగుడ్డ నయం. (పత్రికవాళ్లే ఈ మాట అంటున్నారంటే నమ్మొచ్చు!)

రెసిన్ బొమ్మకి జపాను పద్ధతి బాగా నప్పుతుంది. కడిగి ఆరబెట్టి, మెరుపులేని ఆక్రిలిక్ పూత పలచగా ఒకటి, దానిమీద ఆక్రిలిక్ రంగు, మళ్లీ పలచటి పూత. మ్యూజియాల్లో పాత చిత్రాలకు మరమ్మతు చేసేవాళ్లు కూడా ఇదే సూత్రం పాటిస్తారు. అసలు చిత్రానికీ తాము దిద్దినదానికీ మధ్య వార్నిష్ పొర ఉంచుతారు, రేపు ఇంకొకరు తమ పనిని తుడిచేసినా అసలుది చెక్కుచెదరకుండా ఉండటానికి. వాళ్లు వాడే పేరలాయిడ్ బి-72 అనే ఆక్రిలిక్ రెసిన్‌కి అంత పేరు రావడానికి కారణాల్లో ఒకటి, ఏళ్లు గడిచాక కూడా ద్రావకంలో కరిగి వచ్చేయడమే.

డెల్టా వాళ్లకి ప్రత్యేకంగా చెప్పాల్సింది తేమ గురించి. వానాకాలంలో, కాలవగట్టు ఊళ్లలో, మబ్బుపట్టిన సాయంత్రాల్లో స్ప్రే పూతలు ఆరేటప్పుడు గాల్లో తేమని పట్టుకుని తెల్లగా పొగమంచు కమ్మినట్టు అయిపోతాయి. చపడా లక్కని స్పిరిట్‌లో కరిగించి వేసే పాలిష్‌దీ అదే తంతు. కాబట్టి దసరా కొలువు ఉన్నవాళ్లు వర్షాల మధ్య ఆ పని పెట్టుకోకుండా ఎండాకాలంలోనే కానిచ్చేయాలి. పొడిగా ఉన్న రోజు చూసుకుని, ఆరుబయట, ముక్కుకి సరైన మాస్కు కట్టుకుని చేయాలి. పిల్లల్ని దగ్గరికి రానివ్వకూడదు.

పిల్లలంటే గుర్తొచ్చింది. పాతకాలపు ఎనామిల్ రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. ఇళ్లకు వాడే రంగుల్లో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించకూడదన్న నిబంధన దేశంలో అమల్లోకి వచ్చింది 2017 నవంబరు నుంచే. కాబట్టి తాతలనాటి ఎనామిల్ బొమ్మ పెచ్చులు లేస్తోందని గరుకుకాగితం పెట్టి రుద్దొద్దు. ఆ పొడి పీల్చడం, చేతులకి అంటడం ప్రమాదం. అలాంటి బొమ్మ నోట్లో పెట్టుకునే పసివాళ్లకి అందనంత ఎత్తున, కొలువు పైమెట్టుమీద ఉంటే చాలు. ఇలాంటి వాటికి పెచ్చులు రాలకుండా పైన పూత వేయడంలో అర్థం ఉంది. ఆ ఒక్క సందర్భంలో గట్టి వార్నిష్‌కే ఓటు.

దిద్దడం అయ్యాక చిన్న చీటీ ఒకటి రాసి బొమ్మతోపాటే గుడ్డలో చుట్టండి. ఏ రంగు వాడారో, పైన ఏ పూత వేశారో, ఏ ఏడాదో. వచ్చే సంక్రాంతికో, ఆపై ఇరవయ్యో సంక్రాంతికో పెట్టె విప్పేవాళ్లు దాన్ని దేనితో తుడవాలో వెతుక్కోనక్కర్లేదు.