పట్టు తాడుదే.. బరువుది కాదు!

చిన్న పడవలకు మడత లంగరు ఎంపిక, వాడకంలో మెలకువలు

విశాఖపట్నం: రుషికొండ తీరంలో కయాక్‌లు, జలాశయాల్లో థర్మాకోల్ తెప్పలు, గాలి నింపిన లారీ ట్యూబులు, కృష్ణా, తుంగభద్ర నదుల్లో పుట్టీలు.. ఇవన్నీ తేలికైన జలవాహనాలే. తెడ్డు వదిలిన మరుక్షణం గాలి ఎటు తోస్తే అటు సాగిపోవడం వీటి స్వభావం. గాలం వేసి నీటివైపే చూస్తూ కూర్చున్న మనిషి తాను ఒడ్డుకు ఎంత దూరం జరిగాడో గమనించేసరికి ఆలస్యమవుతుంది. పడవను ఒకచోట నిలపడానికి గొడుగులా ముడుచుకునే చిన్న ఇనుప లంగరు ఎంతగానో ఉపకరిస్తుంది. అయితే సరిగా వాడితే రక్షణనిచ్చే ఈ సాధనమే తప్పుగా కడితే పడవను బోల్తా కొట్టిస్తుంది. లంగరు ఎంత బరువుంటే అంత మేలన్న అపోహ చాలామందిలో ఉంది. వాస్తవానికి పడవను నిలిపేది బరువుకన్నా తాడు పొడవు, దాన్ని కట్టే చోటు.

నాలుగు కొక్కేల నిర్మాణం

మడత లంగరులో మధ్యన ఒక ఇనుప కడ్డీ, దాని అడుగున నాలుగు కొక్కేలు ఉంటాయి. కడ్డీపై జారే ఒక కంకణం వీటిని అదుపులో ఉంచుతుంది. కంకణాన్ని పైకి జరిపి బిగిస్తే కొక్కేలు కడ్డీకి ఆనుకొని ముడుచుకుంటాయి. కిందికి జరిపి బిగిస్తే నాలుగు దిక్కులకూ విచ్చుకొని నిలుస్తాయి. కడ్డీ పైకొనన తాడు కట్టే రింగు, చాలా రకాల్లో అడుగున మరొక రంధ్రం ఉంటాయి. ముడిచినప్పుడు చిన్న సంచిలో పట్టడం, పడవలో కాళ్లకు, వలకు తగులుకోకపోవడం దీని ప్రయోజనాలు. గాలి ట్యూబుపై వెళ్లేవారు దీన్ని తప్పనిసరిగా ముడిచి, మందపాటి గుడ్డ సంచిలోనే ఉంచాలి. విప్పిన కొక్కెం మొన తగిలితే ట్యూబు చిల్లుపడుతుంది.

రాయి కట్టడంతో సరిపోదా?

తాడుకు రాయి కట్టి నీటిలో వేయడం తరతరాలుగా ఉన్న పద్ధతే. కదలని చెరువునీటిలో అది చాలు. కానీ నీటిలో మునిగిన ప్రతి వస్తువూ తాను తొలగించిన నీటి బరువు మేరకు తేలికవుతుంది. ఆ లెక్కన 5 కిలోల రాయి నీటి అడుగున దాదాపు 3 కిలోల రాయిగానే పనిచేస్తుంది. ఇనుము నష్టపోయేది ఎనిమిదో వంతు మాత్రమే. పైగా రాయి అడుగుపై దొర్లుతుంది. కొక్కెం అడుగును పట్టుకుంటుంది. ఇంకోవైపు గాలి వేగం రెట్టింపైతే పడవపై దాని తోపుడు నాలుగు రెట్లవుతుంది. ఉదయం ప్రశాంతంగా ఉన్నప్పుడు ఆపిన రాయి మధ్యాహ్నం సముద్రపు గాలి లేచేసరికి నిలవకపోవడానికి కారణమిదే.

ఎంత బరువు అవసరం?

బజారులో దొరికే మడత లంగర్లలో 0.7, 1.5, 2.5, 3.2 కిలోల పరిమాణాలు సాధారణం. నిలకడ నీటిలో గాలి ట్యూబుకు, చిన్న తెప్పకు 0.7 కిలోలది సరిపోతుంది. ఒకరు కూర్చునే కయాక్‌కు 1.5 కిలోలది తగినది. ఇద్దరు ఎక్కే కయాక్‌కు, గాలి ఎక్కువగా వీచే తీరానికి 2.5 నుంచి 3.2 కిలోలది తీసుకోవాలి. కొనేటప్పుడు కంకణాన్ని నాలుగైదుసార్లు పైకి, కిందికి బిగించి చూడాలి. వదులుగా జారే కంకణం నీటి అడుగున ఊడి, కొక్కేలు ముడుచుకుపోతాయి. ఉప్పునీటిలో వాడేవారు పైరంగు మాత్రమే ఉన్నవాటిని కాక, జింకుపూత పూసినవాటిని గానీ స్టెయిన్‌లెస్ స్టీలువి గానీ ఎంచుకోవాలి.

నీటి అడుగును బట్టి పట్టు

నాలుగు కొక్కేల లంగరు అన్నిచోట్లా ఒకే తీరుగా పనిచేయదు. రాళ్లు, నీటిమొక్కలు ఉన్నచోట గట్టిగా పట్టుకుంటుంది. గట్టి ఇసుకలో ఓ మోస్తరుగా నిలుస్తుంది. మెత్తని ఒండ్రులో మాత్రం కొక్కేలు బురదను చీల్చుకుంటూ జారిపోతాయి. కాకినాడ జిల్లా కోరింగ ప్రాంతపు మడ అడవుల పాయల్లాంటి చోట్ల అడుగంతా బురదే. లోతు తక్కువగా ఉండే అలాంటి పాయల్లో లంగరుకన్నా పొడవాటి గెడ మేలు. గెడను బురదలో దిగ్గొట్టి, పడవ కొనను దానికి కట్టుకుంటే చాలు. ఇంతకూ అడుగు ఏదో తెలిసేదెలా? తాడుకు కట్టిన సీసపు గుండును దింపి తట్టి చూస్తే రాయి టక్కుమంటుంది, బురద గుండును మింగినట్లు లాగుతుంది. గుండుకు కాస్త గ్రీజు పూస్తే ఇసుక రేణువులు అంటుకొని పైకి వస్తాయి.

అయిదు రెట్లు తాడు

లంగరు తాడు నిలువుగా ఉంటే ప్రతి అలకూ పడవ పైకి లేచి కొక్కేన్ని అడుగునుంచి పెకలిస్తుంది. తాడు ఏటవాలుగా, నేలకు దగ్గరగా ఉన్నప్పుడే లాగుడు అడ్డంగా పడి కొక్కెం మరింత దిగబడుతుంది. లోతుకు మూడు రెట్ల తాడు వదిలితే, అది బిగిసినప్పుడు నేలతో ఏర్పడే కోణం సుమారు 19 డిగ్రీలు. అయిదు రెట్లు వదిలితే 11.5, ఏడు రెట్లు వదిలితే 8 డిగ్రీలకు తగ్గుతుంది. అందుకే మామూలు పరిస్థితుల్లో అయిదు రెట్లు, గాలి, అలలు ఉన్నప్పుడు ఏడు రెట్ల తాడు వదలాలన్నది నియమం. గాలిలేని జలాశయంలో కొద్దిసేపు ఆగడానికి మూడు రెట్లు సరిపోతుంది.

ఇక్కడ లోతు అంటే నీటిలోతు ఒక్కటే కాదు. నీటిమట్టం నుంచి పడవపై తాడు కట్టిన చోటు వరకు ఉన్న ఎత్తును, సముద్రంలోనైతే పోటు వల్ల పెరిగే నీటిని కూడా కలపాలి. ఉదాహరణకు రెండు బారల లోతంటే 12 అడుగులు. పడవ ఎత్తు ఒక అడుగు కలిపితే 13. దానికి అయిదు రెట్లు 65 అడుగులు. విశాఖ తీరంలో పున్నమి, అమావాస్యల సమయంలో ఆటుపోట్ల మధ్య తేడా సుమారు మీటరున్నర, అంటే దాదాపు 5 అడుగులు. పాటులో లంగరు వేసి పోటు వచ్చేదాకా అక్కడే ఉండేవారు 18 అడుగులకు లెక్కగట్టి 90 అడుగులు వదలాలి. 30 అడుగుల తాడుతో సముద్రంలోకి వెళ్లి ‘లంగరు నిలవడం లేదు’ అనుకోవడంలో తప్పు లంగరుది కాదు.

తాడు 6 నుంచి 8 మిల్లీమీటర్ల మందం ఉంటే చేతికి పట్టు దొరుకుతుంది. నైలాన్ తాడు కొంత సాగుతూ అలల కుదుపును తట్టుకుంటుంది, నీటిలో మునుగుతుంది. చవకగా దొరికే కొన్ని ప్లాస్టిక్ తాళ్లు నీటిపై తేలి, ఇతర పడవల పంకాలకు చుట్టుకునే ప్రమాదముంది. లంగరుకు, తాడుకు మధ్య మూడు నుంచి ఆరు అడుగుల గొలుసు కలిపితే మరీ మంచిది. 6 మిల్లీమీటర్ల గొలుసు మీటరుకు సుమారు 800 గ్రాములు తూగుతుంది. ఆ బరువు లంగరు కడ్డీని నేలకు వంచి ఉంచుతుంది, రాళ్ల ఒరిపిడికి తాడు తెగకుండా కాపాడుతుంది.

పక్కన కడితే ప్రాణాపాయం

పడవ ముందుకొనను మత్స్యకారులు అణియమని, వెనుకభాగాన్ని అమరమని పిలుస్తారు. లంగరు తాడును ఎప్పుడూ కొన నుంచే కట్టాలి. చేతికి అందుతుంది కదా అని కూర్చున్నచోటే పక్క అంచుకు కట్టడం అత్యంత ప్రమాదకరం. అలా కడితే పడవ ప్రవాహానికి అడ్డం తిరుగుతుంది. ఒకవైపు నీరు పడవను నెడుతుంటే మరోవైపు తాడు ఎగువ అంచును కిందికి లాగుతుంది. ఆ అంచు మీదుగా నీరు లోపలికి చేరడం, పడవ తిరగబడటం క్షణాల్లో జరిగిపోతాయి. కయాక్‌కు రెండు కొనలూ కోసుగా ఉంటాయి కాబట్టి ఎటునుంచైనా కట్టవచ్చు. వెనుకభాగం చదునుగా ఉండే పడవకు మాత్రం అమరం నుంచి లంగరు వేయరాదు. అలలు అటునుంచి ఎక్కి పడవను నింపేస్తాయి.

కూర్చున్నచోటు నుంచి కొనకు చెయ్యి అందదు కాబట్టి కయాక్‌లకు ఒక చిన్న ఏర్పాటు చేసుకుంటారు. పక్క అంచు పొడవునా, రెండు చివర్లా చిన్న కప్పీలు బిగించి, వాటి మీదుగా సన్నని తాడును ఉచ్చులా తిప్పుతారు. ఆ తాడుకు ఒక రింగు ఉంటుంది. లంగరు తాడును రింగులోంచి పోనిచ్చి, ఉచ్చును లాగితే రింగు కొన దగ్గరకు చేరుతుంది. తిరిగి లాగితే చేతికి వస్తుంది. తాడు చివరను ముడి వేయకుండా, ఒక్క గుంజుతో విడిపోయేలా చీలికలో బిగించాలి. ఆ చివరకు వలలకు కట్టే బెండు ఒకటి కట్టి ఉంచాలి. ఓడో, మరపడవో దూసుకొస్తే తాడును వదిలేసి పక్కకు తప్పుకోవచ్చు. బెండు తేలుతుంటుంది కనుక లంగరును తర్వాత వచ్చి తీసుకోవచ్చు. పదునైన చిన్న కత్తి చేతికందే చోట ఉండాలి. గాలి ట్యూబుపై ఉన్నవారు లంగరు తాడును నడుముకు గానీ కాలికి గానీ ఎన్నటికీ కట్టుకోరాదు.

విసరొద్దు.. దింపండి

లంగరును దూరంగా విసిరితే తాడు కొక్కేలకు చుట్టుకుంటుంది, నిలబడిన మనిషి తూలిపడతాడు. కొక్కేలు విప్పి కంకణం బిగించాక, పడవ కొనను గాలికి లేదా ప్రవాహానికి ఎదురుగా తిప్పి, లంగరును చేతులు మార్చుకుంటూ నెమ్మదిగా దింపాలి. అడుగు తగిలాక పడవను వెనక్కి జరగనిస్తూ తాడు వదలాలి. సగం వదిలాక ఒకసారి బిగబట్టి కొక్కెం దిగిందో లేదో చూసి, మిగతాది వదలాలి.

లంగరు జారుతోందా లేదా అన్నది నీటిని చూస్తే తెలియదు. ఒడ్డున ఒకదాని వెనుక ఒకటి వరుసగా కనిపించే రెండు గురుతులను ఎంచుకోవాలి. విశాఖ తీరంలోనైతే ముందున్న ఒక భవనం, దాని వెనుక కైలాసగిరి శిఖరం అలా పనికివస్తాయి. ఆ రెండూ ఒకే వరుసలో ఉన్నంతసేపు పడవ ఆ వరుస నుంచి పక్కకు జరగనట్లే. తాడు చివర పడవ కొద్దిగా ఊగడం సహజం. వరుస చెదిరి, తిరిగి కలవకపోతే లంగరు ఈడ్చుకుపోతున్నట్లు. అప్పుడు మరికొంత తాడు వదలాలి. అప్పటికీ ఆగకపోతే లంగరు పైకి తీసి చోటు మార్చాలి.

ఇరుక్కుంటే ఏం చేయాలి?

గట్టిదాన్ని పట్టుకున్న కొక్కెం ఓ పట్టాన వదలదు. 2019 సెప్టెంబరు 15న అప్పటి తూర్పుగోదావరి జిల్లా దేవీపట్నం మండలం కచ్చులూరు వద్ద గోదావరిలో మునిగిన పర్యాటక పడవను కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం అక్టోబరు 22న వెలికితీసింది. ఆ పనిలో వారికి ఆసరా అయినవి లంగర్లు, ఇనుప తాళ్లే. అవి పెద్దవే అయినా సూత్రం ఒక్కటే. అదే పట్టు రాళ్ల సందులో చిన్న కయాక్‌కు చిక్కు తెచ్చిపెడుతుంది.

దీనికి ముందుజాగ్రత్త సులువు. గొలుసును పైరింగుకు కాకుండా లంగరు అడుగు రంధ్రానికి బిగించాలి. అక్కడినుంచి కడ్డీ వెంట పైకి తెచ్చి, పైరింగుకు సన్నని పురికొసతోనో ప్లాస్టిక్ కట్టుతోనో కట్టాలి. మామూలు లాగుడుకు ఆ కట్టు ఆగుతుంది. లంగరు ఇరుక్కున్నప్పుడు గట్టిగా గుంజితే కట్టు తెగి, లాగుడు అడుగువైపు నుంచి పడుతుంది. కొక్కెం దూరిన దారినే వెనక్కి వస్తుంది. గాలి, ప్రవాహం ఎక్కువగా ఉండే చోట మాత్రం ఈ కట్టు అవసరానికి ముందే తెగకుండా కాస్త బలమైనది వాడాలి. ఎంతకీ రాకపోతే పక్కకు వంగి బలం ఉపయోగించరాదు. ఎదురుదిశకు తెడ్డు వేసి అటునుంచి లాగాలి. అదీ కుదరకపోతే తాడు కోసేయాలి. లంగరు మళ్లీ కొనుక్కోవచ్చు.

లంగరు వేయకూడని చోట్లు

వరద గోదావరి, కృష్ణల్లో చిన్న పడవకు లంగరు వేయడం ప్రమాదాన్ని కొనితెచ్చుకోవడమే. వడిగా పారే నీరు తాడును బిగించి కొనను కిందికి లాగేస్తుంది. నీటిపై వేసిన ఆకు ఒడ్డున మెల్లగా నడిచే మనిషిని దాటిపోతుంటే అక్కడ లంగరు ఆలోచన మానుకోవాలి. ఆనకట్టల దిగువన గేట్లు ఎత్తితే నీటిమట్టం, వేగం ఒక్కసారిగా మారతాయి. విశాఖ ఓడరేవు ప్రవేశ మార్గంలో, మరపడవలు తిరిగే దారిలో ఆగరాదు. పరచిన వలల సమీపంలో వేస్తే కొక్కేలు వలలను చీల్చి మత్స్యకారుల జీవనోపాధికి నష్టం కలిగిస్తాయి. ఎక్కడ ఆగినా లైఫ్ జాకెట్ ఒంటిపైనే ఉండాలి.

వాడిన తర్వాత

సముద్రం నుంచి రాగానే లంగరును, గొలుసును, తాడును మంచినీటితో కడిగి నీడలో ఆరబెట్టాలి. కంకణంలో ఇసుక ఇరుక్కుంటే మరుసటిసారి బిగవదు. గొలుసును లంగరుకు కలిపే కొండీ మర కుదుపులకు వదులై ఊడిపోతుంది కాబట్టి సన్నని తీగతో చుట్టి ఉంచాలి. తాడులో పోగులు లేచిన చోటును అలాగే వదలకుండా కత్తిరించి మళ్లీ ముడి వేసుకోవాలి.

ఇవి గుర్తుంచుకోండి

* తాడు: మొత్తం లోతుకు కనీసం అయిదు రెట్లు, గాలి ఉంటే ఏడు రెట్లు.
* కట్టే చోటు: పడవ కొన మాత్రమే, పక్క అంచుకు వద్దు.
* చివర: ఒక్క గుంజుతో విడిపోవాలి, బెండు కట్టి ఉండాలి.
* బురద పాయలో లంగరు బదులు గెడ.
* కత్తి చేతికందేలా, లైఫ్ జాకెట్ ఒంటిపైన.