పోయే డిస్కు, పోకూడని డేటా

గూగుల్ ఇంజినీర్లు తమ సంస్థ వాడే లక్షకు పైగా హార్డ్ డిస్కులను పరిశీలించి 2007లో ఒక పరిశోధన పత్రం వెలువరించారు. స్కాన్‌లో మొదటి లోపం బయటపడిన డిస్కు ఆ తర్వాతి 60 రోజుల్లో చెడిపోయే అవకాశం, లోపం లేనివాటికంటే 39 రెట్లు ఎక్కువని తేలింది. అయితే చెడిపోయినవాటిలో 56 శాతానికి పైగా డిస్కులు నాలుగు ప్రధాన హెచ్చరికల్లో ఒక్కటీ చూపకుండానే పోయాయి. కాబట్టి హెచ్చరిక కనిపిస్తే ఆ రోజే కదలాలి. కనిపించకపోయినా బ్యాకప్ ఉండి తీరాలి.

ప్రమాదం చెప్పే ఐదు వరుసలు

ప్రతి డిస్కూ తన ఆరోగ్యం లెక్క తానే రాసుకుంటుంది. దాని పేరు స్మార్ట్. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్‌లో దాన్ని చూడొచ్చు. హార్డ్ డిస్కుల్లో 5, 187, 188, 197, 198 వరుసలు ముఖ్యం. క్లౌడ్ బ్యాకప్ సంస్థ బ్యాక్‌బ్లేజ్ 2016లో ఇచ్చిన లెక్క ప్రకారం, పాడైన డిస్కుల్లో 76.7 శాతానికి ఈ ఐదింటిలో కనీసం ఒకటి సున్నా దాటింది. పనిచేస్తున్నవాటిలో 4.2 శాతానికే దాటింది.

చదవలేకపోయిన, ఇంకా ఏమీ తేలని సెక్టార్ల (డేటా దాచే చిన్న భాగాల) సంఖ్య 197లో ఉంటుంది. పనికిరావని తేలి, బదులు వేరేవి కేటాయించినవి 5లోకి వస్తాయి. ఆ ప్రోగ్రామ్ వరుసల సంఖ్యలను, సెట్టింగ్ మార్చకపోతే విలువలను కూడా హెక్సాడెసిమల్‌లో చూపిస్తుంది. చివర 10 అని ఉంటే అది పది కాదు, 16.

ముందు కాపీ

హెచ్చరిక రాగానే చాలామంది విండోస్‌లో డిస్కు లోపాలు సరిచేసే చెక్‌డిస్క్ నడుపుతారు. పోతున్న డిస్కును గంటలకొద్దీ చదివించి, దాని మీదే రాయించడం ప్రమాదం. ముందు మళ్లీ దొరకనివాటిని వేరే డ్రైవ్‌లోకి కాపీ చేయండి: ఫొటోలు, సర్టిఫికెట్ల స్కాన్లు, పిల్లల ప్రాజెక్టులు, వ్యాపారం లెక్కలు. ప్రోగ్రాములు తర్వాతైనా ఎక్కించుకోవచ్చు.

400 జీబీ డేటాకు యూఎస్‌బీ 2.0 పోర్టులో సెకనుకు 35 ఎంబీ చొప్పున 3 గంటల 10 నిమిషాలు పడుతుంది. యూఎస్‌బీ 3.0లో సెకనుకు 100 ఎంబీ వస్తే 67 నిమిషాలు చాలు. కాపీ మాటిమాటికీ ఆగిపోతుంటే లినక్స్‌లోని డీడీరెస్క్యూ వాడండి. అది మంచి భాగాలను ముందు తీసుకుని, మొండి సెక్టార్లను చివరికి ఉంచుతుంది. డిస్కు టక్‌టక్‌మంటుంటే మాత్రం వెంటనే ఆపేసి, డేటా రికవరీ తెలిసినవారికి ఇవ్వాలి.

కొలత చూసి కొనండి

పాత ల్యాప్‌టాప్‌లలో 2.5 అంగుళాల సాటా డ్రైవ్ ఉంటుంది. దాని మందం సాధారణంగా 7 లేదా 9.5 మిల్లీమీటర్లు. కొత్తవాటిలో ఎం.2 కార్డు ఉంటుంది. దాని సైజుగా ఇచ్చే 2280 అంటే 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవు. ఎం.2లోనే సాటా, ఎన్‌వీఎంఈ అని రెండు రకాలున్నాయి. మీ మోడల్ ఏది తీసుకుంటుందో మాన్యువల్‌లో చూశాకే డబ్బు పెట్టండి. 1 టీబీ డ్రైవ్‌ను విండోస్ 931 జీబీగా చూపిస్తే కంగారుపడక్కర్లేదు. తయారీదారు 1,000తో లెక్కిస్తే, విండోస్ 1,024తో లెక్కిస్తుంది.

విప్పే ముందు 48 అంకెలు

పాత డిస్కుకు విండోస్ ఎన్‌క్రిప్షన్ అయిన బిట్‌లాకర్ ఉంటే, దాన్ని వేరే కంప్యూటర్‌కు తగిలించినప్పుడు 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది ముందే కాగితం మీద రాసుకోండి. షట్‌డౌన్ చేసి, ఛార్జర్ తీసి, అడుగు మూత విప్పి, లోపలి బ్యాటరీ కనెక్టర్ ఊడదీయండి. స్క్రూ తీయగానే ఎం.2 కార్డు ఒక చివర పైకి లేస్తుంది. అదే వాలులో మెల్లగా వెనక్కి లాగండి. కొత్తదాన్నీ అదే వాలులో దూర్చి, కిందికి నొక్కి స్క్రూ బిగించండి.

తిరిగొచ్చింది సరిగ్గా వచ్చిందా?

విండోస్ ఎక్కించాక బ్యాకప్ నుంచి ఫైళ్లను కాపీ చేయండి, మూవ్ చేయొద్దు. ఫైళ్ల సంఖ్య, మొత్తం సైజు రెండు వైపులా సరిపోవాలి. ముఖ్యమైన ఫైళ్లకు విండోస్‌లోనే ఉన్న సర్ట్‌యుటిల్ కమాండ్‌తో ఎస్‌హెచ్‌ఏ-256 విలువ (ఫైలు వేలిముద్ర లాంటిది) తీసి పోల్చండి. ఆ 64 అక్షరాలు రెండు వైపులా ఒకటే అయితే కాపీలో తేడా రానట్టే. అసలు ఫైలే ముందే పాడై ఉంటే మాత్రం ఇందులో తెలియదు. అందుకే ప్రతి ఫోల్డర్‌లో కొన్నింటిని తెరిచి చూడాలి.

ఇదంతా పూర్తయ్యేదాకా పాత డిస్కును ఫార్మాట్ చేయొద్దు, ఎవరికీ ఇవ్వొద్దు. ఆ తర్వాత 3-2-1 పద్ధతి పాటించండి: మూడు కాపీలు, రెండు రకాల పరికరాల్లో, ఒకటి ఇంటి బయట. కొత్త డ్రైవ్ కూడా ఏదో ఒక రోజు పోయేదే. అప్పుడు కొనాల్సింది డ్రైవ్ ఒక్కటే కావాలంటే, బ్యాకప్ తీసుకుని, అది తెరుచుకుంటోందో లేదో ఈ వారమే చూసుకోండి.